పోత మినాండర్

గోడాదరా, సూరత్
17 మే 2020

సింధూ బిడ్డా,

ఈ ఉత్తరం నీ అన్న సోమలింగం చేతికిచ్చి పంపుతున్న. రేపు పొద్దుగాల వాళ్ల బస్సు. మగ్గాలు బందై రెండు నెలలు కావస్తున్నది. సేట్ ఫోన్ ఎత్తుతలేడు. ఇన్నేండ్లు వాని మగ్గాలకు రిపేర్లు చేసిన మిస్త్రీని, బతికున్ననా సచ్చిన్నా అని ఒక్కసారన్న అడగలే. సోమలింగం నన్ను కూడ రమ్మంటున్నడు. నేను రాను. బస్సు కోసం అధికారుల ముంగట చేతులు కట్టుకొని నిలవడుడు నాతోని కాదు.

ఫోన్ల చెప్పుదామంటే నా చెవుల సంగతి నీకు ఎరుకే. నువ్వు ఒకటంటే నాకు ఇంకొకటి వినపడ్తది, మళ్ల అరుస్తున్నవని నువ్వే అంటవు. మనకు ఉత్తరాలే మంచిగున్నయి.

అసలు ముచ్చట ఇది. సోమలింగం నడుముకు ఒక గుడ్డ సంచి కట్టిన. అండ్ల ఆరు గ్రీకు వెండి నాణేలున్నయి. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు భూతద్దం పట్టుకొని నువ్వు చదివినవే. ఒకటి నాలుగు పలకలది, ఒకపక్క ఏనుగు, ఇంకోపక్క మూపురం ఎద్దు, అపొలొడోటస్ రాజుది. మిగిలినయి గుండ్రటివి. అండ్ల ఒకటి మినాండర్ రాజుది, వెనుక దేవత పిడుగు ఎత్తి పట్టుకున్నది. రెండో మినాండర్‌ను దేవుని అర్రలనే ఉంచిన. జోడుల ఒక్కటన్న ఇంట్ల ఉండాలె.

మీ మ్యూజియం తెరువంగనే ఇవి పెద్దసారుకు చూపియ్యి. నేను ఉచితంగనే ఇస్తున్న. నాకు కావల్సింది ఒక్క చిన్న పలక, 'పద్మారాణి జ్ఞాపకార్థం' అని. మీ అత్త ఈ దేశంల ఇంత పని చేసి సచ్చిపోయింది, ఆమె పేరు ఏ గోడ మీద లేదు, రేషన్ కార్డుల తప్ప. నాకు ఆ కోపం పోతలేదు.

మీ అమ్మను అడిగిన్నని చెప్పు.

మామ లక్ష్మీరాజం


హైదరాబాద్
22 జూలై 2020

మామకు,

అన్న సిరిసిల్లకు చేరినంక స్కూల్లో పెట్టిన క్వారంటైన్ అయిపోయి, సంచి నా చేతికే ఇచ్చిండు. ముడి నువ్వు వేసినట్టే ఉంది. నేను దాన్ని హైదరాబాద్ తెచ్చిన. మ్యూజియం ఇంకా జనానికి తెరవలేదు, లోపల మా పని మాత్రం నడుస్తున్నది. పెద్దసారుకు ఇచ్చే ముందు నేనే ఒక్కొక్కటి తూచి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన.

ఎట్ల రాయాలో తెలియక వారం రోజులు ఆగిన. తిన్నగా రాస్తున్న. ఏనుగు నాణెం నిజమైనదే, దాంతో పాటు ఒక గుండ్రటిది కూడా. మిగతా నాలుగూ నకిలీవి మామా. వెండి నిజమే, నాణేలు నిజం కావు. ఎవరో ఒక అసలు నాణెం నుంచి మట్టి అచ్చు తీసి, కరిగిన వెండి పోసి చేసినయి. మినాండర్ అంచు చుట్టూ అతుకు గీత ఉంది, దాన్ని ఆకురాయితో రాకిండ్రు. అక్షరాల పక్కన వెండిలో గాలి బుడగల మచ్చలున్నయి. సుత్తితో కొట్టిన నాణేనికి బుడగలు రావు.

ఇవి పెట్టి అత్త పేరు పలక మీద రాయించలేను. నేను చెయ్యను. ఎవరి దగ్గర కొన్నవో నాకు రాయి. నకిలీ నాలుగూ వెనక్కి పంపనా, ఇక్కడే ఉంచనా?

అమ్మ బాగుంది. నువ్వు బయట తిరగకు.

సింధు


గోడాదరా
9 ఆగస్టు 2020

సింధూజ మేడంకు,

నువ్వు రాసింది చదివిన. మళ్ల చదివిన. నవ్వొచ్చింది, తర్వాత నెత్తి కాలింది.

నీకు గ్రీకు అక్షరాలు నేర్పింది ఎవరు? మా అర్రల నేల మీద కూసోని 'ఇది ఏం అక్షరం మామా' అని అడిగింది ఎవరు? ఇయ్యాల మైక్రోస్కోపు దొరకంగనే నా ఇరవై ఏండ్ల పని నకిలీ అయ్యింది.

నేను పంపినయి అసలుయి. నీకు అందినయి నకిలీవి. నడుమ ఏమైందో నువ్వే చెప్పు. సంచి ఎవని నడుముకుండె? మీ అమ్మ పోయిన వారం ఫోన్ల అన్నది, సోమలింగం కుట్టు మిషన్ కొన్నడని. మగ్గం బందైనోనికి, ఇంట్ల బియ్యం లేనోనికి కుట్టు మిషన్ ఏడికెల్లి వచ్చింది? జర ఆలోచించు. హైదరాబాద్‌ల మ్యూజియం పక్కన వెండి దుకాణాలు ఎన్ని లేవు? వాని పక్కన నువ్వు కూడ ఉంటివి గదా.

అనకూడని మాట అన్న అనుకుంటున్నవా? అనుకో. నేను ఆలోచించే రాస్తున్న.

నాలుగు నాణేలు ఎక్కడికి పోయినయో తెలిసేదాక ఆ రెండు కూడ ఎవ్వరికి ఇయ్యకు.

లక్ష్మీరాజం


హైదరాబాద్
2 సెప్టెంబరు 2020

మామకు,

నీ ఉత్తరం నేను అమ్మకు చూపించలేదు. చూపిస్తే నీ పేరు ఆ ఇంట్లో మళ్లీ ఎత్తదు.

కుట్టు మిషన్ సంగతి విను. మహిళా సంఘం వాళ్లు మాస్కులు కుట్టే పని తెచ్చిండ్రు. మిషన్ సంఘానిది. అన్న దాన్ని భుజం మీద మోసుకొచ్చి ఇంట్లో పెట్టిండు, అంతే. పొద్దంతా అమ్మ కుడితే, మాస్కులకు తాళ్లు వాడు కట్టిండు. మగ్గం తప్ప ఏదీ ముట్టని మనిషి కింద కూసోని తాళ్లు కట్టిండు మామా. అది నీకు దొంగతనం లెక్క కనిపించింది.

నన్ను కూడా అన్నవు. నా సంగతి తర్వాత చెప్తా.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. ఈ నాణేలు నీకు ఎవరు అమ్మిండ్రు? నాకు గుర్తున్నంత వరకు నువ్వు అన్నీ శనివారం సంతలో అంబదాస్ దగ్గరే కొన్నవు. ఆయన జరీ కారఖానలో వెండి కరిగించే మనిషి. కరిగించేటోనికి పోత పోసుడు కష్టమా? నేను ఆయనను దొంగ అంటలేను. అడుగు అంటున్న.

ఇంకో మాట. వచ్చే వారం అన్న సూరత్‌కు తిరిగి వస్తున్నడు, మగ్గాలు నడుస్తున్నయని కబురొచ్చింది. వానికి ఈ సంగతి ఏదీ తెలియదు. నేను చెప్పలేదు. నీ చేతులు పట్టుకొని అడుగుతున్న, వాన్ని ఏమీ అనకు. ముందు ఈ ఉత్తరానికి జవాబు రాయి.

సింధు


గోడాదరా
11 అక్టోబరు 2020

సింధూజకు,

నీ ఉత్తరం నీ అన్న వచ్చినంక ఐదు రోజులకు అందింది. ముందు అందినా నేను చేసేది అదే.

బస్సు మన గల్లి మూల మీద ఆగింది. సిరిసిల్లోళ్లు, వరంగలోళ్లు అంత దిగుతున్నరు. నీ అన్న నన్ను చూసి నవ్విండు, కాళ్లకు దండం పెట్టవచ్చిండు. 'ముందు సంచి దించు' అన్న. 'ఎందుకు మామా' అన్నడు. నేనే గుంజుకొని నేల మీద కుమ్మరించిన. అంగీలు, సకినాల డబ్బ, మీ అమ్మ నాకు కుట్టిచ్చిన మాస్కులు. నాణేలు లేవు. 'నాలుగు నాణేలు ఎవనికి అమ్మినవురా దొంగ' అని అడిగిన. గట్టిగనే అడిగిన. నా గొంతు గట్టిగనే ఉంటది.

వాడు కిందికి వంగిండు. అంగీలు ఏరుకున్నడు, మట్టి దులిపిండు. మాస్కులు మాత్రం అక్కడే వదిలి పోయిండు. ఊరవతల సచిన్ ఏరియాల ఏదో కారఖాన కాడ దోస్తులతోని ఉంటున్నడట. తప్పు చేయనోడు అట్ల మాట్లాడకుంట పోతడా?

అంబదాస్ పేరు నీ కలంకెల్లి ఎట్ల వచ్చింది? మీ అత్త పోయిన్నాడు పాడె ముందు కొమ్ము పట్టినోడు వాడు. మనోళ్లు రైల్ల ఉన్నరు ఇంక, రాలే. వాడు వచ్చిండు. నేను నాణేల సంగతి వానికి చెప్పుకున్న. నెత్తి మీద చెయ్యి పెట్టుకొని కూసున్నడు పాపం. 'ఆకలి మనిషితోని ఏమైన చేయిస్తది రాజం, మేనల్లుడైతేంది' అన్నడు. సొంతోళ్లు ముంచితే పరాయోడు బాధపడ్డడు.

ఇంక రాయడానికి ఏం లేదు.

లక్ష్మీరాజం


హైదరాబాద్
4 నవంబరు 2020

లక్ష్మీరాజం మామకు,

అన్న ఫోన్‌లో ఏమీ చెప్పలేదు. బస్సులో వచ్చిన వాళ్ల ద్వారా ఊరంతా తెలిసింది. అమ్మ మిషన్ ముందు కూర్చొని కుట్టకుండా ఊరికే చూస్తున్నది. నీ చెల్లె ఆమె. ఆమెకు నువ్వు తప్ప అన్నదమ్ములు లేరు.

నీతో వాదించను. ఒక్క పని చెప్తా, చేస్తే చెయ్యి.

ఈ ఉత్తరంలో ఒక ఫోటో పెట్టిన. నువ్వు పంపిన మినాండర్‌ది, అరచేయంత పెద్దగా చేయించిన. మామా, ఆ కాలంలో వెండి బిళ్లను రెండు అచ్చుల నడుమ పెట్టి, సుత్తితో కొట్టి నాణెం చేసేవాళ్లు. బిళ్ల ప్రతిసారి ఒక తీరుగా పడదు. దెబ్బ ఒక తీరుగా తగలదు. అంచు ఒక దానికి ఇక్కడ పగిలితే ఇంకోదానికి అక్కడ పగులుతది. ఇది నాకు చెప్పింది నువ్వే. ఏ రెండు నాణేలూ అచ్చంగా ఒకటి కావు. అట్ల ఒక్క తీరే ఉంటే అవి ఒకే అచ్చులో పోసినవి.

ఫోటోలో రాజు చెవి కింద సన్నటి గాటు ఉంది. కుడిపక్క అంచు మీద పగులు ఉంది, దాని మొన ఒక అక్షరాన్ని సగానికి కోసింది. నీ దేవుని అర్రలో ఉన్న మినాండర్‌ను కడిగి దీని పక్కన పెట్టు. ఆ నాణెం నీ ఇల్లు దాటి ఎన్నడూ పోలేదు. అన్న దాన్ని ముట్టలేదు. నేను ముట్టలేదు.

గాటు, పగులు లేకపోతే నన్ను కూడా దొంగ అను, నేను ఊరుకుంటా. ఉంటే ఏం చెయ్యాలో నీకే తెలవాలె. అప్పటిదాక నాకు రాయకు.

సింధూజ


గోడాదరా
6 డిసెంబరు 2020

సింధు,

రాయొద్దన్నవు. రాస్తున్న.

నీ ఫోటో వచ్చి పది దినాలు బల్ల మీదనే పడి ఉండె. చూడబుద్ధి కాలే. ఆఖరికి దేవుని అర్రకెల్లి మినాండర్‌ను తీసిన. పసుపు, కుంకుమ, నూనె జిడ్డు. చింతపండుతోని తోమిన. కిటికీ కాడ భూతద్దం పెట్టిన.

చెవి కింద గాటు ఉన్నది. అంచు పగులు ఉన్నది. అక్షరం సగానికి కోసి ఉన్నది. దేవతను చూసిన, ఆమె డాలు కింద మచ్చ కూడ అదే. ఇద్దరు రాజులకు ఒక్క చోటనే దెబ్బ తగిలింది. ఒకటి కొన్నంక రెండేండ్లకు ఇంకోటి కొన్న నేను. ఒకటి నల్లగ, ఒకటి తెల్లగ ఉండె. పక్కపక్కన పెట్టి ఒక్కనాడు చూడలే. దొరికిన సంబురంలనే ఉన్న.

ఆ నాణెం జేబుల వేసుకొని ఖటోదరా పోయిన. అంబదాస్ కారఖాన బయట చాయ్ తాగుతున్నడు. నాణెం, ఫోటో వాని ముంగట పెట్టిన.

"ఇవి రెండు ఒక్క తల్లి పిల్లలు గదా అంబదాస్" అన్న.

చూసిండు. కాదనలే. "కూసో రాజం" అన్నడు.

"కూసోను. చెప్పు."

"మొదట ఇచ్చిన రెండు అసలుయే. భరూచ్ దిక్కు ఒకాయన దగ్గర దొరికినయి. తర్వాత దొరకలే. నువ్వు వస్తనే ఉంటివి. ఏమన్న వచ్చిందా, ఏమన్న వచ్చిందా అని అడుగుతనే ఉంటివి."

"లేదని చెప్తే ఏమైతుండె?"

"ఇంకోని దగ్గరికి పోదువు" అన్నడు.

అంతే సింధు. గంత తేలికగ అన్నడు. నేను ఇంక ఏదో పెద్ద కారణం ఉంటదని అనుకున్న. బిడ్డ రోగమో, అప్పో, ఏదన్న. ఏం లేదు.

"పద్మ పోయిన నెలల కూడ ఒకటి ఇచ్చినవు. పాడె మోసిన చేతులతోనే పోత పోసినవా?" అని అడిగిన.

"అది వేరు, ఇది వేరు. మీ ఇంటిది నాకు చెల్లె అసోంటిది, అందుకే మోసిన. ఇది ధందా" అన్నడు.

"నా మేనల్లుడు దొంగతనం చేసిండని నీ ముంగట ఏడిస్తే, ఆకలి ఏమైన చేయిస్తది అంటివి. నీకు తెలుసు గదా అప్పుడు."

అప్పుడు చాయ్ గిలాస పక్కన పెట్టిండు. "నేను ఏం చెప్పాలె మరి? నేనే చేసిన్నని చెప్పాల్నా?" అన్నడు.

నా చెయ్యి లేచింది. మాస్క్ మీదికెల్లి వాని కండ్లు చూసిన. సిగ్గు లేదు, భయం లేదు, విసుగున్నది. చాయ్ చల్లారుతున్నదని విసుగు. కొట్టలే. కొట్టనందుకు ఇంటిదాక నన్ను నేనే తిట్టుకుంట వచ్చిన.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్న. ఇంత రాసుడే నాకు కష్టమైంది. నాణేల సంగతి ఇంతటితోని ఇడిసిపెడుదాం. ఎవ్వరికి చెప్పకు. ఇరవై ఏండ్లు మోసపోయిండని సంతల నవ్వుతరు.

మామ


హైదరాబాద్
3 జనవరి 2021

మామా,

వెనక్కి తీసుకుంటున్న అని ఒక్క ముక్క రాసినవు. అది నా ఒక్కదానికి రాసినవు. నాకు అది చాలదు.

రెండు సంగతులు చెప్తా. మొదటిది, సంతలో అంబదాస్ ఇంకా దుప్పటి పరుస్తున్నడా? ఆయన ముందు ఇప్పుడు ఇంకెవరో కూర్చొని, ఏమన్న వచ్చిందా అని అడుగుతుంటరు. నువ్వు నోరు మూసుకుంటే వాళ్లకు అమ్మేది ఆయన ఒక్కడే కాదు, నువ్వు కూడా. నవ్వుతరని భయమా? నిన్ను చూసి నవ్వితే నీకు నష్టం ఏంది? అన్నను చూసి ఎవరూ నవ్వలేదు. వాని సంచి వెతుకుతున్నరు.

అవును, ఇది రెండోది. నీ దాక రాలేదేమో. నువ్వు బస్సు దగ్గర అన్న మాట సచిన్ దాక పోయింది. మగ్గాల దగ్గర ఏ చిన్న సామాను కనపడకున్నా, మొదట అన్న సంచి దులుపుతున్నరట. మేనమామే దొంగ అన్నడు గదా, ఇంక ఎవరికి అనుమానం? ఈ సంగతి కూడా వాడు చెప్పలేదు. వానితో పనిచేసే పిల్లవాని తల్లి అమ్మకు చెప్పింది.

నువ్వు అడిగింది ఒంటరిగా కాదు మామా. గల్లి మూల మీద అడిగినవు. ఉత్తరంలో వాపసు తీసుకుంటే కుదరదు.

పెద్దసారు ఏనుగు నాణెం తీసుకుంటా అన్నడు, రెండో అసలుది కూడా. అత్త పేరు రాస్తరు. నాణేలు అప్పజెప్పే కాగితం మీద నేను సంతకం ఇంకా పెట్టలేదు. నీ మీద కోపంతో పెట్టలేదు. ఆ కోపం తగ్గలేదని నీకు తెలవాలనే రాస్తున్న.

సింధు


గోడాదరా
14 ఫిబ్రవరి 2021

సింధు బిడ్డా,

ముందు సంత సంగతి. పోయిన శనివారం పోయిన. అంబదాస్ దుప్పటి ముంగట ముగ్గురు నలుగురు కూసోని ఉన్నరు. ఒకామె డాక్టరమ్మ, కొత్తగ వచ్చింది, మన తెలుగామెనే, చేతుల ఒక మినాండర్ పట్టుకొని ఉన్నది. నా మినాండర్ తీసి ఆమె అరచేతుల పెట్టిన. 'రెండు కలిపి చూడమ్మా, చెవి కింద చూడు' అన్న. ఆమె చూసింది. పక్కోళ్లు చూసిండ్రు. ఇరవై ఏండ్లకెల్లి నేను మోసపోయిన్నని నేనే చెప్పిన, హిందీల చెప్పిన, గుజరాతీల చెప్పిన. ఒకడు నవ్విండు. నవ్వనీ. అంబదాస్ దుప్పటి నాలుగు కొసలు పట్టుకొని మూట కట్టిండు. పోయేటప్పుడు నన్ను కాదు, ఆ డాక్టరమ్మను కోపంగ చూసిండు, బేరం పోయిందని.

నాకు సంతోషం కాలే.

ఇగ సోమలింగం. సోమవారం సచిన్ పోయిన. ముందు వాడుండే ఖోలీకి పోయిన, లేడు, పనిమీద ఉన్నడన్నరు. కారఖానకు పోయిన. లోపల మగ్గాలన్ని నడుస్తున్నయి. నేను దొంగ అన్నోడు రెండు మగ్గాల నడుమ నిలవడి పోగు అతుకుతున్నడు. నన్ను చూసిండు. పని ఆపలే.

నేను దగ్గరికి పోయి చెప్పిన. తప్పైందిరా అన్న. ఆ చప్పుడుల నా మాట నాకే వినపడలే. ఇంక గట్టిగ చెప్పిన. వాడు నా మూతి దిక్కు చూస్తున్నడు. మగ్గం మీద పనిచేసేటోళ్లు మూతి చూసి మాట పోల్చుకుంటరు, నీకు తెల్సు. నేను మాస్క్ కిందికి గుంజి మళ్ల చెప్పిన. వానికి అర్థమైంది. మొకంల తెలిసింది. అయినా తల ఊపలే.

చేతులు తుడుసుకున్నడు. గోడకున్న పెద్ద స్విచ్ కాడికి పోయిండు, కిందికి గుంజిండు. మగ్గాలన్ని ఒక్కొక్కటి ఆగినయి. జనం పని ఇడిసి చూసిండ్రు. లోపల్నుంచి సూపర్‌వైజర్ ఉరికొచ్చిండు, 'కిస్నే బంద్ కియా', ఎవడు బంద్ చేసిండనుకుంట. నీ అన్న వాని దిక్కు చూడనన్న చూడలే.

"ఇప్పుడు చెప్పు మామా" అన్నడు.

చెప్పిన. ఈడు నా చెల్లె కొడుకు, సోమలింగం. బస్సు కాడ నేను ఈన్ని దొంగ అన్న. ఈడు దొంగ కాదు. నాకు నకిలీ నాణేలు అమ్మినోడు వేరే ఉన్నడు, వాడు నా దోస్తు. దోస్తును అడగనీకి మనసొప్పక, ఈని సంచి నేల మీద కుమ్మరించిన. ఇంతే చెప్పిన.

ఒడియా పిలగాడు ఒకడు పక్కోన్ని అడుగుతున్నడు, ముసలాయన ఏమంటున్నడని. అక్కడున్నోళ్లల్ల సగం మందికి తెలుగు రాదు. నాకు అది మతికి రాలే. నేను హిందీల చెప్పవోయిన. నీ అన్న చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఆగు. నేను చెప్త" అన్నడు.

వాడే చెప్పిండు సింధు. అందరి దిక్కు తిరిగి, నిలవడి చెప్పిండు. "మేరే మామా నే ముఝే చోర్ బోలా థా. సబ్ కే సామ్‌నే. ఆజ్ బోల్ రహే హైఁ కి మై చోర్ నహీఁ హూఁ." మా మామ నన్ను అందరి ముంగట దొంగ అన్నడు, ఇయ్యాల కాదంటున్నడని ఒక్కొక్క మాట ఆగి ఆగి చెప్పిండు. సూపర్‌వైజర్ కూడ నిలవడి విన్నడు. నేను తల వంచుకొని నిలవడ్డ. ఆ నాలుగు మాటలు వాని నోటెంబడి వస్తుంటే, వాడు నన్ను కొట్టినా అంత నొప్పి లేకపోవు.

చెప్పుడు కాంగనే స్విచ్ మీదికి ఎత్తిండు. మళ్ల చప్పుడు మొదలైంది. వాడు వాని మగ్గం కాడికి పోయి తెగిన పోగు వెతుక్కున్నడు. నేను జరసేపు నిలవడి బయటికొచ్చిన. ఇంటికి రమ్మని అడగలే. అడిగే ముఖం లేదు నాకు.

మ్యూజియం కాగితం మీద సంతకం పెట్టుడు, పెట్టకపోవుడు నీ ఇష్టం. నేను మళ్ల అడగను.

లక్ష్మీరాజం మామ